రంగులు సరిగ్గా కనపడకపోతే అగ్నివీర్ మెడికల్‌లో తీసేస్తారా?

పర్లాకిమిడి కుర్రోడు: రాతపరీక్ష, రన్నింగ్ రెండూ అయిపోయాయి. మాది గోపాల్‌పూర్ ఏఆర్‌వో (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు). మెడికల్‌కి ముందు కళ్లద్దాల షాపులో చుక్కల పుస్తకం చూపిస్తే మొదటి పేజీలో 12 తప్ప ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. 8ని 3 అన్నానట. ఇంట్లో చెప్పలేదు, ఒకటే టెన్షన్. నెట్‌లో జవాబులున్నాయి, బట్టీ పట్టేస్తే సరిపోతుందా?

గుణుపురం ఫౌజీ: బట్టీ మాట మర్చిపో తమ్ముడూ. ఆ చుక్కల పుస్తకాన్ని ఇషిహారా అంటారు, పెద్దదాంట్లో 38 పేజీలుంటాయి, వరసగా చూపిస్తారన్న నమ్మకం లేదు. మామూలు కళ్లకి ఏమీ కనపడక, ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకే 5 అనో 45 అనో కనపడే పేజీలున్నాయి. అక్కడ నోరు జారితే దొరికిపోతావు. రంగులు గుర్తుపట్టడానికి సీపీ అని గ్రేడులుంటాయి. ఆర్మీకి సీపీ-3 చాలు, అంటే సిగ్నల్ ఎరుపు, సిగ్నల్ ఆకుపచ్చ గుర్తుపట్టాలి. అన్నిటికన్నా గట్టిదైన సీపీ-1 అడిగేది ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడిపేవాళ్లకి.

బరంపురం కళ్లజోడు: షాపులో పసుపు బల్బు కింద చూపించారా? ఆ పుస్తకం పగటి వెలుతురులో, 75 సెంటీమీటర్ల దూరంలో చూడాలి. వెలిసిపోయిన పుస్తకమైతే మంచి కళ్లూ తప్పుతాయి. ఫోన్ యాప్‌లైతే అసలు నమ్మొద్దు. కంటి డాక్టర్ దగ్గర మళ్లీ చూపించుకో. పుట్టుకతో వచ్చినదైతే దీనికి మందు లేదు. రంగు లెన్సులు పెట్టుకెళ్తే ఒప్పుకోరు.

కోరాపుట్ అక్క: మా తమ్ముడికీ, మా మేనమామకీ ఇదే. పచ్చిమిరపకాయల్లోంచి పండినవి ఏరమంటే వాడు రెండూ కలిపి గిన్నెలో పోసేవాడు, బద్ధకమని అమ్మ తిట్టేది. ఇప్పుడు వాడికి ఆ మామయ్య కూతుర్నే అనుకుంటున్నారు. పిల్లలకి వస్తుందా?

బరంపురం కళ్లజోడు: రావచ్చండి. ఆ అమ్మాయికి రంగులు బాగానే కనపడొచ్చు, కానీ ఈ లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోమ్‌లో, తండ్రిది ఆమెకి తప్పకుండా వస్తుంది. మీ తమ్ముడిదీ అదే లోపం కాబట్టి ఆడపిల్లైనా మగపిల్లాడైనా సగానికి సగం అవకాశం. బయటి సంబంధమైతే సాధారణంగా ఇంత ఉండదు. ప్రాణానికేం ఢోకా లేదు, ఇలాంటి ఉద్యోగాల దగ్గరే చిక్కు.

జయపురం రైలు: రైల్వేలో పోస్టుని బట్టి మెడికల్ గ్రేడులుంటాయి. రైలు నడిపే లోకో పైలట్‌కి ఏ-1, అది ఆర్మీకన్నా గట్టి. సీ-1, సీ-2 పోస్టులకి రంగుల పరీక్ష లేదు. నేను సీ-2లోనే చేరాను, బిల్లులు రాసుకుంటూ హాయిగా ఉన్నాను.

పర్లాకిమిడి కుర్రోడు: నాన్నకి చెప్పేశాను, రేపు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. అన్నా, అన్‌ఫిట్ అంటే అక్కడితో అయిపోయినట్టేనా?

గుణుపురం ఫౌజీ: కాదు. మిలటరీ ఆసుపత్రిలో స్పెషలిస్టు రివ్యూకి వెళ్లొచ్చు. చేతికిచ్చిన కాగితంలో గడువుంటుంది, అది మాత్రం దాటనివ్వకు.