జనక్‌పూర్ వెళ్లినోళ్లెవరైనా ఉన్నారాండీ?

కొత్తపేట నుంచి:
మా అమ్మ ఏటా భద్రాద్రి కల్యాణానికి తలంబ్రాల వడ్లు గోటితో ఒలిచి పంపుద్దండి. ఆవిడకి సీతమ్మవారి పుట్టిల్లు జనక్‌పూర్ చూపించాలని నా కోరిక. వయసు 67. నేపాల్ సరిహద్దులో ఏం అడుగుతారు? అన్నం దొరుకుద్దా?

రావులపాలెం నుంచి:
బీహార్‌లో జయనగర్ దాకా మన రైల్లో వెళ్లండి. అక్కణ్ణించి నేపాల్ రైలు ఉందండి, 2022లో మళ్లీ మొదలెట్టారు. వీసా అక్కర్లేదు. 65 దాటినవాళ్లకి ఆధార్ చాలు. మీకు మాత్రం ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండాలి. డబ్బులు వంద నోట్లుగా పట్టుకెళ్లండి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవాలి. మిగతాదంతా ఒకటే లోకం: ఇటూ అటూ మైథిలి భాషే, ఛఠ్ పండగే, గోడల మీద అవే చేపల, తామరల బొమ్మలు. పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు కూడా మామూలే. అన్నం బెంగ వద్దు, వాళ్లదీ వరి దేశమే, చెరువు చేపల దేశమే. మార్గశిర శుద్ధ పంచమికి వెళ్తే సీతారాముల పెళ్లి చూడొచ్చు. చలికి మాత్రం దుప్పట్లు మరవకండి, మన చలి చలే కాదు.

యానాం నుంచి:
సరిహద్దు కోసం అంత దూరమెందుకండీ! 1954 దాకా మాదీ ఫ్రెంచివాళ్ల ఊరే కదా. బాల్యవివాహాలు కూడదని బ్రిటిషువాళ్ల ఏలుబడిలో శారదా చట్టం వచ్చాక, చుట్టుపక్కలవాళ్లు ఆ పెళ్లిళ్లు ఇక్కడికొచ్చి చేసుకునేవారు. మా తాతమ్మదీ అలాంటి పెళ్లే.

కొత్తపేట నుంచి:
యానాం ఎలాగూ వస్తూనే ఉంటాం బాబాయిగారూ. మా చెల్లి కూడా బయల్దేరతానంటోంది, దానికి ఓటరు కార్డు లేదు. పాస్‌పోర్టుకి పెట్టించేస్తాను.