అప్పు ఒకరిది, ఫోన్లు మరొకరికా?

గోదారి_గట్టు:
మా బాబాయిగారబ్బాయి ఉద్యోగం పోయి పర్సనల్ లోన్ వాయిదాలు కట్టలేకపోతున్నాడు. రిఫరెన్స్ కింద నా నంబరు ఇచ్చాడట. ఇప్పుడు రికవరీ వాళ్లు నాకూ, మా ఆఫీసు రిసెప్షన్‌కూ ఫోన్లు. "తమ్ముడి పరువు కావాలంటే నువ్వే కట్టు" అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "తీసుకున్నప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకు" అని వాళ్ల వైపే మాట్లాడుతున్నారు. నన్నడిగితే బంధువులకు ఫోన్ చేయడమే పూర్తిగా ఆపించాలి. మీరేమంటారు?

ఓరుగల్లు_వాసి:
నేను కొన్నాళ్లు వసూళ్లలో పనిచేసిన. తిట్టుడు, బెదిరించుడు తప్పే. కానీ పూర్తిగా ఆపమంటే ఎట్లా? లోన్ తీసుకున్నాయన ఫోన్ స్విచాఫ్, అద్దె ఇల్లు ఖాళీ. రిఫరెన్స్‌ను కాక ఇంకెవర్ని అడగాలె? అవి ఎవరో దాచుకున్న డిపాజిట్ పైసలే కదా. వసూలైన దాని మీదనే మాకు కమీషన్. ఆ ఒత్తిడి పెట్టే బ్యాంకును వదిలేసి ఏజెంటునొక్కడినే అంటే న్యాయం కాదు.

కోర్టు_మెట్లు:
అడ్రసు అడగడం వేరు, డబ్బు అడగడం వేరు. షూరిటీ సంతకం పెట్టినవాళ్లు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ కింద అప్పు తీసుకున్నవాళ్లతో సమానంగా బాధ్యులు. రిఫరెన్స్‌గా పేరున్నంత మాత్రాన పైసా కట్టక్కర్లేదు. 2022 ఆగస్టు 12 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ కుటుంబసభ్యులు, స్నేహితులతోపాటు రిఫరెన్స్‌గా పేరున్నవాళ్ల పరువు కూడా పదిమందిలో తీయొద్దని, వాళ్ల ప్రైవసీలోకి చొరబడొద్దని అంది. అప్పు తీసుకున్న మనిషికైనా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఏజెంటు ఏం చేసినా జవాబుదారీ బ్యాంకుదే, ఓరుగల్లు గారు ఆ మాట సరిగ్గా చెప్పారు.

పల్నాటి_అక్క:
మీరంతా ఫోన్ల దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్లో గ్రూపు లోన్లకు ఫోనే అక్కర్లేదు. ఒకామె కిస్తీ కట్టకపోతే సెంటర్ మీటింగులో, అంటే అందరూ కలిసి వాయిదాలు కట్టే చోట, మిగతా ఆడవాళ్లను లేవనివ్వరు. కూలికి పోవాల్సిన వాళ్లు విసిగిపోయి ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు. ఏజెంటు నోరు మెదపడు, తిట్లన్నీ పక్కింటామె చేతే తిట్టిస్తాడు. 2010లో ఆత్మహత్యల వార్తల తర్వాతే కదా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ (ఇలాంటి చిన్న అప్పుల) ఆర్డినెన్స్ తెచ్చారు! 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఈ లోన్లకు వేళలు ఇంకా తక్కువ, 9 నుంచి 6 దాకానే. చెప్పిన చోటికి వరసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికెళ్లాలి. మరి సాటి సభ్యురాలిని ఉసిగొల్పడం ఏ లెక్కలోకి వస్తుంది? దాన్నీ వేధింపేనని విడిగా రాయాలి.

ఓరుగల్లు_వాసి:
అక్కా, గ్రూపులో చేరినంక ఒకరికొకరు బాధ్యులే కదా?

పల్నాటి_అక్క:
డబ్బు సర్దే వరకే తమ్ముడూ. ఆమెను పదిమందిలో నిలబెట్టి కడిగేయమని ఏ కాగితంలో ఉంది?

కోర్టు_మెట్లు:
గోదారి గారూ, కాల్ రికార్డింగులు దాచుకోండి. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి, వెళ్లొచ్చు. వివరాలకు ఫోన్ నంబరు 14448. బెదిరిస్తే మాత్రం 30 రోజులు ఆగక్కర్లేదు, నేరుగా పోలీస్ స్టేషనే.

గోదారి_గట్టు:
సరే, అడ్రసు కోసం ఒక్కసారి అడగడం వరకు ఒప్పుకుంటాను. "నువ్వు కట్టు" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. ఆఫీసుకు చేసిన ఫోన్ల తేదీలతో సహా ఇవాళే బ్యాంకుకు మెయిల్ పెడుతున్నాను. పల్నాటి అక్కా, గ్రూపు లోన్ల సంగతికి విడిగా చర్చ మొదలుపెట్టండి, నేనూ రాస్తాను.