కౌంటీ జైలులో కొద్ది రోజులే ఉండేవారికి వ్యసన చికిత్స ఎలా ఉండాలి?

ప్రశ్న (తెల్లకాగితం):

నమస్కారం. ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి నివారణ) ఔషధాల కంపెనీలపై వేసిన దావాలలో అమెరికాలోని రాష్ట్రాలు, కౌంటీలు (జిల్లాల వంటివి) కుదుర్చుకున్న ఒప్పందాల సొమ్ములో మా కౌంటీకి కూడా కొంత వాటా వస్తోంది. 2022లో ముగ్గురు పెద్ద ఔషధ పంపిణీదారులు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకున్నది వాటిలో ఒకటి. ఈ సొమ్మును దేనికి ఖర్చు చేయాలో సలహా ఇచ్చే పౌర సంఘంలో నేను సభ్యుడిని. జైలులో 90 రోజుల తరగతులు, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని జైలును నడిపే షెరీఫ్ కార్యాలయం అడుగుతోంది. సంఘంలోని ఒక వైద్యురాలు మాత్రం ముందుగా ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా వాడే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ అనే ఔషధాలు (ఇవి కూడా ఓపియాయిడ్‌లే) ఇవ్వడానికి డబ్బు కేటాయించాలని అంటున్నారు. నా సందేహాలు రెండు. ఓపియాయిడ్ వ్యసనానికి మళ్ళీ ఓపియాయిడ్ ఔషధమే ఇస్తే ఒక వ్యసనం స్థానంలో మరొకటి పెట్టినట్టు కాదా? జైలులో చాలామంది బెయిలు కోసమో విచారణ కోసమో ఎదురుచూసేవారే కాబట్టి, వారాలలో వెళ్ళిపోయేవారికి చికిత్స మొదలుపెట్టడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

సమాధానం (రాత్రిడ్యూటీ):

నేను ఒక కౌంటీ జైలులో నర్సుగా పనిచేస్తున్నాను. మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు కూడా అందులోనే ఉంది.

కొద్ది రోజులే ఉంటారన్నది నిజమే, కానీ ప్రాణాపాయం ఎక్కువగా ఆ కొద్ది రోజుల రెండు చివరలలోనే ఉంటుంది. రోజూ తాగేవారికి ఒక్కసారిగా మద్యం ఆగిపోతే రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు. సమయానికి చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. నిద్రమాత్రల తరగతికి చెందిన బెంజోడయజెపీన్లకు అలవాటుపడినవారి పరిస్థితి కూడా ఇదే. ఓపియాయిడ్ మానినప్పటి బాధలతో ఎవరూ చనిపోరని మా వృత్తిలో కూడా చాలామంది అనేవారు. అది పూర్తిగా సరికాదు: ఆగని వాంతులు, విరేచనాలతో శరీరంలో నీరు, లవణాలు తగ్గిపోయి జైలు గదులలో చనిపోయినవారు ఉన్నారు. అందువల్ల జైలులోకి తీసుకునేటప్పుడే ఏమి వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు వాడారు, బయట ఏ క్లినిక్‌లో చికిత్స పొందుతున్నారు అన్న మూడు ప్రశ్నలను పోలీసు స్వరంతో కాకుండా అడిగి, జవాబును బట్టి అదే రోజు ఔషధం మొదలుపెట్టడం గాని, బయట తీసుకుంటున్నదాన్ని కొనసాగించడం గాని జరగాలి.

రెండో చివర విడుదల. జైలులో ఉన్నంతకాలం మత్తు పదార్థం అందకపోతే, శరీరం దానిని తట్టుకునే శక్తిని కోల్పోతుంది. బయటికి వెళ్ళి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్ర కారాగారాల నుంచి విడుదలైనవారిపై 2007లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాలలో ఓవర్‌డోస్ మరణాల ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే 129 రెట్లు ఉన్నట్టు తేలింది. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ సరైన మోతాదులో తీసుకునే మనిషి మత్తులో ఉండడు. తపన, వణుకు తగ్గి పనులు చేసుకోగలుగుతాడు, ఆ తట్టుకునే శక్తి కూడా మిగిలి ఉంటుంది. వ్యసనం స్థానంలో వ్యసనం అన్న మాటను నేను అందుకే ఒప్పుకోను.

సమాధానం (మూడోబెంచీ):

చట్టం సంగతి కూడా మీ సంఘం తెలుసుకోవాలి. ఖైదీ తీవ్రమైన వైద్య అవసరాన్ని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు 1976లో ఎస్టెల్ వర్సెస్ గాంబుల్ కేసులో చెప్పింది. మెయిన్ రాష్ట్రంలోని అరూస్టుక్ కౌంటీ కేసు మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంది. అక్కడ ఒక మహిళకు పడిన శిక్ష 40 రోజులే. తాను తీసుకుంటున్న బ్యూప్రెనార్ఫిన్‌ను జైలులో ఆపవద్దని ఆమె వికలాంగుల హక్కుల చట్టం కింద కోర్టుకు వెళితే, 2019లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది, అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. డాక్టరు రాసిన ఈ ఔషధాలను జైళ్ళు అందరికీ ఒకే నియమంగా నిరాకరించడం ఆ చట్టానికి విరుద్ధమని న్యాయశాఖ 2022 ఏప్రిల్‌లో వివరణ ఇచ్చింది.

సమాధానం (ఎదురుకుర్చీ):

నేను కౌన్సెలర్‌ని. పై ఇద్దరి మాటలు ఒప్పుకుంటూనే తరగతుల పక్షాన కొంత చెబుతాను. మెథాంఫెటమిన్, కొకైన్ వాడేవారికి ఆమోదం పొందిన ఔషధం ఇప్పటివరకు లేదు. వారికి మాటల ద్వారా, ప్రోత్సాహకాల ద్వారా జరిగే చికిత్సే దిక్కు. అయితే 90 రోజుల పాఠ్యక్రమం జైలుకు సరిపడదు. మొదటి వారంలో వచ్చినవాడు పన్నెండో పాఠం వరకు ఉండడు. ఏ రోజు చేరినా, ఏ రోజు వెళ్ళిపోయినా అర్థమయ్యేలా విడివిడి సమావేశాలు పెట్టమనండి. మరొక విషయం, తరగతులకు రానివారికి ఔషధం ఆపేస్తామన్న షరతు ఎక్కడా ఉండకూడదు. ఆ షరతు పెట్టినచోట గొడవపడి తరగతి మానేసినవారే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో పడతారు.

తెల్లకాగితం:

అందరికీ ధన్యవాదాలు. మాత్రలు చేతులు మారి జైలులో అమ్ముడవుతాయన్న అభ్యంతరం షెరీఫ్ కార్యాలయం నుంచి తప్పకుండా వస్తుంది. కౌంటీ స్థాయిలో ఫలితాలు ఎక్కడైనా కనిపించాయా?

రాత్రిడ్యూటీ:

అమ్ముడవుతాయి, దాచడం ఎందుకు? బ్యూప్రెనార్ఫిన్‌ను నాలుక కింద కరిగేదాకా ఎదుటే కూర్చోబెట్టి, తరువాత నోరు పరీక్షించడం మా పద్ధతి. దీనికి సిబ్బంది సమయం బాగా పడుతుంది కాబట్టి బడ్జెట్‌లో ఆ గంటలను కూడా లెక్కవేయండి. నెలకొకసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ ఖరీదైనదే, కానీ దానితో ఈ బెడద ఉండదు, హఠాత్తుగా విడుదలైనా కొన్ని వారాలు శరీరంలో పనిచేస్తుంది. మెథడోన్‌కు లైసెన్సు ఉన్న క్లినిక్‌తో ఒప్పందం కావాలి.

ఫలితాల సంగతికి వస్తే, మసాచుసెట్స్‌లోని రెండు పక్కపక్క కౌంటీ జైళ్ళను పోల్చిన అధ్యయనం 2022లో వచ్చింది. బ్యూప్రెనార్ఫిన్ ఇచ్చిన ఫ్రాంక్లిన్ కౌంటీ నుంచి విడుదలైనవారిలో మళ్ళీ నేర వ్యవహారాలలోకి వచ్చినవారు 48 శాతం, అప్పట్లో ఇవ్వని హాంప్‌షైర్ కౌంటీలో 63 శాతం. న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలాండ్ జైలులో మెథడోన్ 1987 నుంచి ఇస్తున్నారు, కాబట్టి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు.

షెరీఫ్‌ను ఇంకొకటి అడగండి: మనిషిని ఏ వేళకు విడుదల చేస్తారు? బెయిలు వచ్చిందని అర్ధరాత్రి పంపేస్తే ఏ క్లినిక్ తలుపూ తెరిచి ఉండదు. విడుదల సంచీలో నాలొక్సోన్ స్ప్రే (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడు), మరునాటి అపాయింట్‌మెంట్ చీటీ, క్లినిక్ చేరేదాకా సరిపడే ఔషధం ఎవరు పెడతారో ప్రతిపాదనలో ఉద్యోగి హోదాతో సహా రాసి ఉండాలని పట్టుబట్టండి.