కరెంటు కంపెనీ మారడానికి సంతకం పెట్టి పదకొండు రోజులైంది, ఇప్పుడు వద్దంటే 150 పౌండ్లు కట్టాలా?

మిల్టన్‌కీన్స్ కోడలు

ఇంగ్లండ్ నుంచి అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. 5వ తారీఖు శనివారం మధ్యాహ్నం, పప్పులో పోపు వేస్తుంటే బెల్లు మోగింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, ఒకబ్బాయి. గ్యాస్, కరెంటు రెండూ మా కంపెనీకి మార్చుకుంటే నెలకు 20 పౌండ్లు మిగులుతాయి, రెండేళ్ల దాకా రేటు పెరగదు అన్నాడు. పోపు మాడిపోతోంది, చిన్నోడు ఏడుస్తున్నాడు, ఆ ట్యాబ్ మీద సంతకం పెట్టేశాను.

సాయంత్రం మావారు వచ్చి ఒకటే ప్రశ్న వేశారు: "మరి కారు సంగతి?" మాది ఎలక్ట్రిక్ కారు. పాత కంపెనీ దగ్గర రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా యూనిట్ 7 పెన్నీలే, కొత్త దాంట్లో పగలూ రాత్రీ ఒకటే రేటు, 24. మిగిలేది పోయి ఎదురు కట్టుకోవాలి. సోమవారం ఫోన్ చేసి వద్దని చెప్పేద్దాం అనుకున్నాను, ఈలోపు ఇంట్లో ఇద్దరికీ జ్వరాలు, వారం గడిచిపోయింది. 14న "మీ సప్లై మా దగ్గర మొదలైంది" అని ఈమెయిల్ వచ్చింది. నిన్న ఫోన్ చేసి నలభై నిమిషాలు వాళ్ల మ్యూజిక్ విన్నాక ఒకావిడ ఎత్తి, స్విచ్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు వదిలేస్తే ఎగ్జిట్ ఫీజు (గడువుకి ముందే వెళ్లిపోయినందుకు కట్టేది) పడుతుంది, గ్యాస్‌కి 75, కరెంటుకి 75 అని చెప్పింది.

ఇది నిజమేనా? క్యాన్సిల్ చేస్తే మధ్యలో కరెంటు తీసేస్తారా? ఇవాళ 16. మావారు ఏమీ అనడం లేదు, అదే టెన్షన్‌గా ఉంది. హనుమకొండలో మా అత్తయ్యకి చెబితే "కరెంటోళ్లను మార్చుడేంది బిడ్డా" అని నవ్వుతున్నారు.

లెస్టర్ బాబాయ్

ఆ 150 సంగతి ముందు మర్చిపోమ్మా. ఆవిడ చెప్పింది తప్పు. ఇంటికొచ్చి గానీ, ఫోన్‌లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ చేసుకున్న ఇలాంటి కాంట్రాక్టుకి 14 రోజుల కూలింగ్ ఆఫ్, అంటే మనసు మార్చుకుని వద్దనుకునే గడువు, ఉంటుంది, 2013 నాటి కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్నదే ఇది. సప్లై మారిపోయినా ఆ హక్కు పోదు. ఆ 14 రోజుల్లో వద్దన్నవాళ్ల దగ్గర ఎగ్జిట్ ఫీజు తీసుకోకూడదు. ఈ రెండు మూడు రోజులు వాడిన కరెంటుకీ గ్యాస్‌కీ మాత్రం కడతావు, అది న్యాయమేగా.

ఆవిడ అలా ఎందుకందో చెప్తాను. ఇంతకుముందు కంపెనీ మారాలంటే సుమారు మూడు వారాలు పట్టేది, కూలింగ్ ఆఫ్ అయ్యాకే సప్లై మారేది. 2022 జులై నుంచి ఐదు పని రోజుల్లో మార్చేస్తున్నారు. అంటే గడువు ఇంకా నడుస్తుండగానే నువ్వు కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నావు. ఫోన్ ఎత్తేవాళ్లలో కొందరికి ఇంకా పాత లెక్కే తలలో ఉంది. లేదా తెలిసే అన్నారేమో, అది నేను చెప్పలేను.

లెక్క చూసుకో. సంతకం పెట్టిన రోజు కలపరు. 6వ తారీఖు ఒకటో రోజు, 19 పద్నాలుగో రోజు. నీకింకా టైముంది, కానీ 19 దాకా ఆగకు, ఈ రాత్రే ఈమెయిల్ పంపు. పేరు, అడ్రస్, అకౌంట్ నంబరు, సంతకం పెట్టిన తేదీ, "ఈ కాంట్రాక్టును కూలింగ్ ఆఫ్ గడువులోపే రద్దు చేసుకుంటున్నాను, గ్యాసూ కరెంటూ రెండూ" అని ఒక్క వాక్యం. కారణం రాయక్కర్లేదు. నువ్వు పంపిన తేదీయే లెక్క, వాళ్లు ఎప్పుడు తెరిచి చూశారన్నది కాదు. ఫోన్‌లో చెప్పినా చెల్లుతుంది గానీ రేపు వాళ్లు కాదంటే నీ దగ్గర కాగితం ఉండాలి కదా. పంపిన ఈమెయిల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

రెడింగ్ కుర్రాడు

అక్కా, ఒక్కటి మాత్రం చెయ్యకండి, నేను చేసి తగలబడ్డాను. బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డెబిట్ (కంపెనీవాళ్లే మన అకౌంట్ నుంచి బిల్లు డబ్బు తీసుకునే ఏర్పాటు) తీసేస్తే కాంట్రాక్టు క్యాన్సిల్ అయిపోయినట్టే అనుకున్నాను. అది డబ్బు కట్టడం ఆపడమే, కాంట్రాక్టు రద్దు కాదు. వాళ్లకి ఒక్క ముక్క చెప్పకుండా హాయిగా కూర్చున్నా. రెండు నెలల తర్వాత బాకీ ఉత్తరాలు మొదలయ్యాయి, వాటిలో ఎగ్జిట్ ఫీజు కూడా వేశారు, అది నా తప్పే కాబట్టి ఏడుస్తూ కట్టాను. ముందు రాతలో రద్దు, ఆఖరి బిల్లు వచ్చి కట్టేశాక డైరెక్ట్ డెబిట్ సంగతి. ఈలోపు తప్పుడు లెక్కతో డబ్బు లాగేశారనుకోండి, డైరెక్ట్ డెబిట్ గ్యారంటీ కింద బ్యాంకుకి చెబితే తిరిగి వేస్తారు.

వాట్‌ఫర్డ్ అక్క

కరెంటు ఒక్క నిమిషం కూడా పోదు, ఆ భయం వదిలెయ్. వైర్లు, పైపులు ఈ కంపెనీలవి కావు, వాటిని చూసుకునే నెట్‌వర్క్ వాళ్లు వేరే. మారేది బిల్లు ఎవరు వేస్తారన్నదే.

బాబాయ్ చెప్పింది సగం పనే. క్యాన్సిల్ చేసి ఊరుకుంటే నువ్వు ఆటోమేటిక్‌గా పాత కంపెనీకి వెళ్లిపోవు. ఎటో ఒకవైపు మారేదాకా ఈ కొత్తవాళ్లే సప్లై ఇస్తుంటారు, ఫిక్స్‌డ్ రేటు మీద కాదు, వాళ్ల మామూలు వేరియబుల్ (పెరుగుతూ తగ్గుతూ ఉండే) రేటు మీద. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అందుకే ఈమెయిల్ కొట్టిన మర్నాడే పాత కంపెనీకి ఫోన్ చెయ్. కూలింగ్ ఆఫ్‌లో వెనక్కి వస్తున్నాను, మారకుండా ఉంటే ఏ టారిఫ్‌లో ఉండేదాన్నో అదే కావాలి అని అడుగు. ఆఫ్‌జెమ్ (ఈ కంపెనీలన్నిటికీ రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ) రూల్స్ ప్రకారం కూలింగ్ ఆఫ్‌లో తిరిగొచ్చినవాళ్లకి పాత షరతులతో సమానమైనవే ఇవ్వాలి. మాటల్లో "కొత్త కస్టమర్‌గా జాయిన్ అవుతారా" అంటే తొందరపడి ఊ అనకు, అలా చేరితే ఇవాళ్టి రేటు అంటగడతారు. మీ కారు టారిఫ్‌కి స్మార్ట్ మీటర్ నుంచి అరగంటకోసారి రీడింగ్ వెళ్లాలి, ఆ పర్మిషన్ కూడా మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, అడిగి చూడు.

ఇంకోటి, రెండు మీటర్లకీ ఫొటోలు తియ్యి. ఇవాళ ఒకసారి, మళ్లీ మారే రోజు ఒకసారి. స్మార్ట్ మీటరే కదా అనుకోకు. మారేటప్పుడు మొదటి రీడింగ్, చివరి రీడింగ్ అంచనా మీద వేసి పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే యూనిట్లకి బిల్లు పంపిన ఇళ్లు నాకు తెలుసు (మాది ఒకటి).

మీ అత్తయ్యగారు నవ్వడంలో తప్పేముంది, వాళ్ల ఊళ్లోనే ఉత్తర తెలంగాణ డిస్కమ్ హెడ్ ఆఫీసు ఉంది, ఇళ్లకి ఇచ్చేది అదొక్కటే. నచ్చకపోతే ఏఈ ఆఫీసుకెళ్లి అరవాలి గానీ మారడానికి ఇంకో కంపెనీ ఎక్కడిది.

కొత్త సభ్యుడు 22

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకూ ఇదే కథ కానీ ఇవాళ పదహారో రోజు. అయిపోయినట్టేనా?

లెస్టర్ బాబాయ్

మామూలుగా అయితే అయిపోయినట్టే బాబూ. కానీ రెండు చూసుకో. ఒకటి, నీది ఫిక్స్‌డా వేరియబులా? మామూలు వేరియబుల్‌కి ఎగ్జిట్ ఫీజు ఉండదు, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఫిక్స్‌డ్ అయినా అన్నిటికీ ఫీజు ఉండదు, కాగితాల్లో వెతుకు. రెండోది, 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అన్న సంగతి వాళ్లు నీకు రాతలో ఇచ్చారా? ఈమెయిల్‌తో వచ్చిన అటాచ్‌మెంట్లన్నీ తెరిచి చూడు. అసలు ఇవ్వకపోతే గడువు అక్కడితో ఆగదు, గరిష్ఠంగా ఇంకో 12 నెలలు పెరుగుతుంది. చాలాసార్లు తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కాబట్టి ఎక్కువ ఆశ పెట్టుకోకు.

మిల్టన్‌కీన్స్ కోడలు

అప్‌డేట్. ఆ రాత్రే 11:40కి ఈమెయిల్ పంపాను. వెంటనే మెషీన్ జవాబు వచ్చింది, మనిషి జవాబు 18న వచ్చింది, రద్దు ఒప్పుకున్నారు, ఫీజు మాటే లేదు. ఫోన్‌లో ఆవిడ అన్నదాని గురించి అడిగితే "పొరపాటు జరిగింది" అని ఒక్క లైను. పాత కంపెనీవాళ్లు మొదట వాట్‌ఫర్డ్ అక్క చెప్పినట్టే కొత్త కస్టమర్‌గా చేర్చుకోబోయారు. కూలింగ్ ఆఫ్ రిటర్న్ అని గట్టిగా అన్నాక పైవాళ్లని అడిగి వచ్చి, పాత కారు టారిఫే ఇస్తామన్నారు, ఐదు పని రోజుల్లో. అప్పటిదాకా మావారు ఆఫీసులోనే చార్జింగ్ పెట్టుకుంటున్నారు. మాట్లాడుతున్నారు కూడా.

ఒకవేళ ఆఖరి బిల్లులో ఆ 150 దొంగచాటుగా వేస్తే ఏం చేయాలి?

రెడింగ్ కుర్రాడు

కంపెనీకే రాతలో కంప్లైంట్ పెట్టండి, ఆ 18వ తారీఖు ఈమెయిల్ జత చేసి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, ఇంక మా వల్ల కాదని ముందే లెటర్ ఇచ్చేసినా ఎనర్జీ అంబుడ్స్‌మన్‌కి (కంపెనీకీ మనకీ మధ్య తగువు తీర్చే సంస్థ) వెళ్లొచ్చు, మనకి ఖర్చేమీ ఉండదు. సిటిజన్స్ అడ్వైస్ అని జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థ ఉంది, వాళ్లు లెటర్ ఎలా రాయాలో ఫోన్‌లోనే చెప్తారు.

వాట్‌ఫర్డ్ అక్క

ఇంతకీ మీటర్ల ఫొటోలు తీశావా లేదా?

మిల్టన్‌కీన్స్ కోడలు

కరెంటుది ఆ రోజే తీశానక్కా. గ్యాస్ మీటరు మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనకాల, బియ్యం బస్తాకి అవతల ఉందని ఇప్పుడే కనిపెట్టాం. బస్తా జరిపి తీస్తున్నాను.