ఫ్యామిలీ థెరపీ: ఒక్క పద్ధతిలో ముదరాలా, అన్నీ కలుపుకోవాలా?

ఎంఫిల్_రెండో_ఏడు:
క్లాసులో వారానికొక పద్ధతి చెప్పి, "మీ స్టైల్ మీరే తయారు చేసుకోండి" అంటున్నారు. సూపర్‌వైజర్ గారేమో ముందు ఒకదాన్ని గట్టిగా పట్టుకోమంటున్నారు. రోల్‌ప్లేకి ఇచ్చిన కేసు ఇది: ఇంటర్ సెకండియర్ అబ్బాయి కాలేజీ మానేశాడు. అమ్మ మధ్యలో కూర్చుంది, వాణ్ణి ఏమడిగినా ఆవిడే జవాబు చెబుతుంది. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

కుర్చీలు_మార్చేవాడు:
ఇందులో ఆలోచించడానికేముంది? ఇంట్లో ఎవరి స్థానం ఎక్కడో సరిచేసే పద్ధతి తెచ్చిన థెరపిస్టు మినూచిన్ చెప్పిన పనే. అమ్మను లేపి నాన్న పక్కన కూర్చోబెట్టండి. "కాలేజీ సంగతి మీరిద్దరూ ఇక్కడే తేల్చుకోండి, బాబు వింటాడు" అనండి. అమ్మానాన్న ఒక జట్టుగా నిలబడితే పిల్లాడి భుజాల మీద బరువు దిగుతుంది. ఆయన న్యూయార్క్ దగ్గర విల్ట్‌విక్ స్కూల్లో పేదింటి పిల్లల కుటుంబాలతో పనిచేశాడు. గంటల తరబడి గతం తవ్వుకునే తీరిక వాళ్లకు లేదు. మన ఓపీకొచ్చేవాళ్లకూ లేదు.

మూడు_తరాల_పటం:
కుర్చీ మారిస్తే ఆ గంట బాగుంటుందండీ, ఇంటికెళ్లాక మళ్లీ మామూలే. నేనైతే, సమస్యను తరతరాల సంబంధాల్లో వెతికిన బోవెన్ దారిలో మూడు తరాల పటం గీస్తాను, అంటే తాతల దాకా ఎవరికెవరితో ఎలా ఉందో చూపే చిత్రం. ఈ నాన్న వాళ్ల నాన్నతో ఎప్పుడైనా నోరు విప్పాడా? ఆవిడ పుట్టింట్లో ఎవరి తరఫున మాట్లాడేది? ఇవి తెలియకుండా ముందుకెళ్లను.

కుర్చీలు_మార్చేవాడు:
బోవెన్ గారిది అమెరికా సరుకు. "ఎవరికి వారు విడిగా నిలబడాలి" అంటే మన ఉమ్మడి ఇళ్లలో చెల్లుతుందా?

మూడు_తరాల_పటం:
ఆయన అన్నది అది కాదు. ఇంట్లోవాళ్లతో సంబంధం తెంచుకుని దూరంగా పోవడాన్ని ఆయన ఎదుగుదలగా చూడలేదు, తీరని ముడికి గుర్తుగా చూశాడు. డాలస్‌లో ఉంటూ అమ్మ ఫోన్ చేస్తే కట్ చేసే కొడుకు ఆయన లెక్కలో స్వతంత్రుడు కాడు. పక్క గదిలోనే ఉంటూ "అమ్మా, నా అభిప్రాయం వేరు" అని కోపం లేకుండా చెప్పగలిగినవాడు నయం. ఉమ్మడి ఇంటికి ఇంతకంటే పనికొచ్చే మాట ఏముంటుంది?

పాత_కాపు:
ఇద్దరి మాటా సబబే, కానీ అడిగిన ప్రశ్న పక్కకు పోయింది. ఉపాయాలు కలుపుకుంటే నష్టం లేదు. సమస్య ఎందుకు నిలిచి ఉందన్న వివరణను కేసు మధ్యలో మార్చేస్తేనే నష్టం. తల్లీకొడుకుల మధ్య గీత, అంటే ఎవరి మాట వారిదన్న హద్దు, చెరిగిపోయిందన్నది మీ అంచనా అనుకుందాం. అప్పుడు మైకేల్ వైట్ పద్ధతిలో సమస్యను మనిషి నుంచి విడదీసి, "ఈ టెన్షన్ మీ ఇంటికెప్పుడొచ్చింది? అమ్మతో ఏమంటుంది, నీతో ఏమంటుంది?" అని అబ్బాయినే అడగొచ్చు. అమ్మ అందుకోబోతే చేయెత్తి ఆపండి. ప్రశ్న వైట్‌ది, చేస్తున్న పని గీత గీయడం. అదే మొదటి వారం గీత, రెండో వారం తాతల పటం, మూడో వారం సటిర్ శిల్పాలు (ఆ థెరపిస్టు పద్ధతిలో ఇంటివాళ్లను తమ బంధాలు కనబడేలా బొమ్మల్లా నిలబెట్టడం) అంటే కుటుంబానికి మీరెటు నడుపుతున్నారో తెలియదు. మీకూ తెలియదు.

పద్ధతులన్నీ పాశ్చాత్యమన్న గొడవ గురించి ఒక మాట. 1950లలోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్లను ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేసి ఉంచారు. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో బోవెన్ కుటుంబాలకు కుటుంబాలనే వార్డులో చేర్చుకుంటున్నాడు. ఇంటివాళ్లను కలుపుకోవడం మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

ఇక స్టైల్. సటిర్ ఆప్యాయంగా తాకుతూ మాట్లాడేది, మినూచిన్ సవాలు చేసేవాడు. మెత్తగా మాట్లాడే మనిషి మినూచిన్‌లా గద్దించబోతే నాటకంలా ఉంటుంది. కుటుంబం అనుమతి తీసుకుని మీ సెషన్ వీడియో తీసి చూడండి. మీరు ఎవరి వైపు ఒరుగుతున్నారు, ఎక్కడ తొందరపడి నవ్వించేస్తున్నారు, అన్నీ కనబడతాయి.

ఎంఫిల్_రెండో_ఏడు:
మేడమ్, మరి నానమ్మ కూడా వస్తానంటే? ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతుందట.

పాత_కాపు:
రమ్మనండి. ముందు పలకరించాల్సిందే ఆవిడను. అమ్మానాన్నలను జట్టు కట్టిస్తే సరిపోతుందన్న మన కుర్చీల అన్న లెక్క అక్కడ తప్పుతుంది. ఆవిడ ఊఁ అనకపోతే ఆ జట్టు బస్టాండు దాకా కూడా నిలవదు.

కుర్చీలు_మార్చేవాడు:
ఒప్పుకోను. మినూచిన్ లెక్కలో నానమ్మకూ చోటుంది. పెత్తనం ఎవరిదో ముందు చూసుకునే కుర్చీ కదపమన్నాడు. ఆవిడ కోసం నాలుగో కుర్చీ వేస్తా.

మూడు_తరాల_పటం:
ఎక్కడ వేస్తారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.