యూక్యాట్ వెర్బల్ రీజనింగ్‌లో స్కోరు కదలడం లేదు: లోపం ఇంగ్లీషులోనా, చదివే పద్ధతిలోనా?

చీపురుపల్లి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌తో పాటు ఇంగ్లండులోని వైద్య కళాశాలలకు కూడా దరఖాస్తు చేయాలన్న ఉద్దేశంతో అక్కడి వైద్య విద్య ప్రవేశ పరీక్ష యూక్యాట్‌కు తయారవుతోంది. మా బావమరిది కుటుంబం అక్కడే స్థిరపడి ఉండడం వల్ల ఈ ఆలోచన వచ్చింది. ఫీజులు, వీసా, అర్హతల సంగతి విడిగా కనుక్కుంటున్నాం కాబట్టి వాటి జోలికి ఇక్కడ పోను. నా సందేహమంతా వెర్బల్ రీజనింగ్, అంటే ఇంగ్లీషు ప్యాసేజీ చదివి జవాబులు పెట్టే విభాగం గురించే.

మాక్ టెస్టుల్లో క్వాంటిటేటివ్ రీజనింగ్ 700 దాటుతోంది, డెసిషన్ మేకింగ్ 650 దగ్గర నిలుస్తోంది, వెర్బల్ రీజనింగ్ మాత్రం 500 చుట్టూనే తిరుగుతోంది. పక్కన కూర్చుని గమనించాను. ప్యాసేజీని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు చదువుతుంది. తెలియని మాట తగిలితే అక్కడే ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుంది. ఏడో ప్యాసేజీలో ఉండగానే సమయం అయిపోతుంది. మిగిలిన ప్రశ్నలను ఖాళీగా వదిలేస్తుంది. నాకు వింతగా తోచినది ఇంకొకటి ఉంది. చరిత్ర, కళల మీద వచ్చిన ప్యాసేజీల కంటే, తనకు బాగా పట్టున్న జీవశాస్త్రం మీద వచ్చిన వాటిలోనే తప్పులు ఎక్కువగా చేస్తోంది.

పదో తరగతి వరకు తను తెలుగు మాధ్యమంలో చదివింది. అందుకే స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించమని కొందరు, కఠిన పదాల పుస్తకం బట్టీ పట్టించమని మరికొందరు సలహా ఇస్తున్నారు. పరీక్షకు నెలన్నర సమయం ఉంది. ఈ వ్యవధిలో దేని మీద శ్రమ పెడితే ఫలితం ఉంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

వంశధార:

మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం ఇంగ్లండులో వైద్య విద్య మూడో సంవత్సరం చదువుతున్నాను. మీరు రాసిన చివరి లక్షణంలోనే జవాబు ఉంది. తెలిసిన విషయం మీద ఎక్కువ తప్పులు వస్తున్నాయంటే, లోపం ఇంగ్లీషుది కాదు. ప్యాసేజీ చెప్పినదాన్ని కాకుండా, తనకు తెలిసినదాన్ని బట్టి చెల్లాయి జవాబు పెడుతోంది. నీట్‌లో అలా చేస్తేనే మార్కులు వస్తాయి. ఇక్కడ అలా చేస్తేనే పోతాయి.

విభాగం స్వరూపం మీకు తెలిసే ఉంటుంది, అయినా లెక్క ఒకసారి చూద్దాం. 11 ప్యాసేజీలు, ఒక్కోదానికి 4 చొప్పున 44 ప్రశ్నలు, సమయం 22 నిమిషాలు. అంటే చదవడానికీ, జవాబు పెట్టడానికీ కలిపి ఒక్కో ప్రశ్నకు దక్కేది 30 సెకన్లు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇస్తారు, పైగా తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు. ఆ భయంతోనే మన పిల్లలు తెలియని ప్రశ్నను వదిలేయడం అలవాటు చేసుకుంటారు. యూక్యాట్‌లో రుణాత్మక మార్కులు లేవు. ఖాళీగా వదిలిన ప్రతి ప్రశ్నా చేతులారా పోగొట్టుకున్న అవకాశమే కాబట్టి, ఈ అలవాటును ఈ రోజే మాన్పించండి. ఒక్క మార్పుతోనే స్కోరు కొంత కదులుతుంది.

ఇక అసలు విషయం. చాలా ప్రశ్నల్లో ఒక వాక్యం ఇచ్చి అది ‘నిజం’, ‘అబద్ధం’, ‘చెప్పలేం’ అనే మూడింటిలో ఏదో తేల్చమంటారు. మన పిల్లల మార్కులు ఎక్కువగా జారిపోయేది ఈ మూడోదాని దగ్గరే. మా శ్రీకాకుళం జిల్లా సంగతితోనే ఒక నమూనా రాస్తాను, చెల్లాయి చేత చేయించండి.

“ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కనిపిస్తోంది. పలు పరిశోధక బృందాలు అక్కడి తాగునీటినీ, మట్టినీ పరీక్షించాయి. ఏ ఒక్క అంశమూ వ్యాధికి కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. బాధితుల్లో ఎక్కువమంది వ్యవసాయ పనులు చేసేవారు. హిరమండలం జలాశయం నుంచి ఈ గ్రామాలకు శుద్ధి చేసిన నీటిని అందించే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది.”

మొదటి వాక్యం: తాగునీరే వ్యాధికి కారణమని పరీక్షల్లో రుజువైంది. ఇది అబద్ధం, ఏ ఒక్క అంశమూ రుజువు కాలేదని ప్యాసేజీ సూటిగా చెబుతోంది. రెండో వాక్యం: తాగునీటికీ ఈ వ్యాధికీ సంబంధం లేదు. దీన్ని కూడా అబద్ధమని పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే కవిటి, సోంపేట వైపు ఎవరిని అడిగినా నీళ్ల వల్లే అంటారు. కానీ జవాబు ‘చెప్పలేం’. రుజువు కాలేదు అన్నంత మాత్రాన సంబంధం లేదని తేలినట్టు కాదు, ఉందని తేలినట్టూ కాదు. మూడో వాక్యం: నీటిలోనే దోషం ఉందని నిర్ధారించుకున్నాకే ప్రభుత్వం పథకం చేపట్టింది. ఇది కూడా ‘చెప్పలేం’. పథకం చేపట్టారని మాత్రమే ప్యాసేజీలో ఉంది, ఎందుకు చేపట్టారో లేదు. ముందుజాగ్రత్తగా చేసి ఉండవచ్చు, మరే కారణమైనా ఉండవచ్చు. నాలుగో వాక్యం: ఉద్దానంలో వ్యవసాయ పనులు చేసేవారిలో ఎక్కువమందికి ఈ వ్యాధి ఉంది. మళ్లీ ‘చెప్పలేం’. బాధితుల్లో ఎక్కువమంది రైతు కూలీలు కావడం వేరు, రైతు కూలీల్లో ఎక్కువమంది బాధితులు కావడం వేరు. మీరు గణితం చెప్పేవారు కాబట్టి ఈ తిరకాసును నాకంటే బాగా వివరించగలరు.

శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఈ నాలుగూ తప్పకుండా తప్పులు పోతాయని నా అనుమానం. మనకు ఆ సంగతి అంత దగ్గరది మరి. చెల్లాయి జీవశాస్త్రం ప్యాసేజీలతో పడుతున్న ఇబ్బంది కూడా సరిగ్గా ఇదే.

అరసవల్లి లెక్చరర్:

పై మిత్రుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. శ్రీకాకుళంలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. ‘లోపం ఇంగ్లీషుది కాదు’ అన్న మాటను మాత్రం కొంత సవరించాలి. కఠిన పదాల పుస్తకం వల్ల ప్రయోజనం లేదన్నది నిజమే. ఈ పరీక్షలో పదాల అర్థాలు విడిగా అడగరు. తెలియని మాట వచ్చినా దాన్ని పేరులాగా భావించి ముందుకు సాగిపోవచ్చు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకూ దీనికీ అసలు సంబంధమే లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. అయితే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు పొడవైన ఇంగ్లీషు వాక్యంలో కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో వెతుక్కుంటారు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి చివరిదాకా ఆగి చదవడం వారికి అలవాటు. ఆ వెనక్కి వెళ్లి చదవడానికి మూలం అదే అయి ఉంటుంది. రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం తీసుకుని, ఒక్కో పేరాను ఒకేసారి చదివి, కాగితం మూసి, అందులోని వాదన ఏమిటో ఒక్క వాక్యంలో తెలుగులోనే చెప్పమనండి. ఇంగ్లీషులోనే చెప్పాలన్న పట్టింపు వద్దు. మనం చూస్తున్నది గ్రహణశక్తిని కాని, వ్యక్తీకరణను కాదు.

రెండో విషయం, వాక్యంలోని పరిమితుల మీద చూపు నిలపడం. కొందరు, చాలామంది, అందరూ, కావచ్చు, అవుతుంది, మాత్రమే, ముఖ్యంగా. ప్రశ్న తయారుచేసేవారు ప్యాసేజీలో ‘కొన్ని సందర్భాల్లో’ అని ఉంచి, ప్రశ్నలో ‘ఎప్పుడూ’ అని మార్చేస్తారు. మిగతా వాక్యమంతా అక్షరం పొల్లుపోకుండా అదే ఉంటుంది కాబట్టి, తొందరలో ఉన్న విద్యార్థి ‘నిజం’ అని పెట్టేస్తాడు. ప్రశ్న చదవగానే ఇటువంటి మాట ఉందేమో ముందుగా చూసుకుని, ఆ తర్వాతే ప్యాసేజీలోకి వెళ్లమనండి.

బొబ్బిలి కుర్రాడు:

లెక్చరర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. సంపాదకీయాలు చదవడం ఏడాది ముందు మొదలుపెట్టిన వారికి ఉపయోగపడుతుంది. నెలన్నరలో పరీక్ష ఉన్న అమ్మాయి రోజుకు అరగంట దానికి కేటాయిస్తే, అసలు ప్రశ్నల సాధనకు ఆ మేరకు సమయం తగ్గిపోతుంది. గడియారం లేకుండా చదివే చదువు వేరు, తెర మీద గడియారం కరిగిపోతుండగా చదివే చదువు వేరు.

నా అనుభవంలో తేడా చూపించినది వరస మార్చుకోవడం. ప్యాసేజీని ముందు చదవకుండా ప్రశ్న చదవాలి; అందులోంచి పేరు, సంవత్సరం, అంకె లాంటి గుర్తుపట్టడానికి వీలైన మాటను పట్టుకోవాలి; ప్యాసేజీలో ఆ మాట కోసమే కళ్లు పరిగెత్తించాలి; దొరికిన చోట ముందు వాక్యం, ఆ వాక్యం, తర్వాతి వాక్యం చదివి జవాబు పెట్టాలి. బియ్యంలో రాళ్లు ఏరేవారు ప్రతి గింజనూ పరిశీలించరు కదా. ‘నిజం, అబద్ధం, చెప్పలేం’ రకానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త. ‘రచయిత వీటిలో దేనితో ఏకీభవిస్తాడు’, ‘ఈ ప్యాసేజీ నుంచి ఏ నిర్ణయానికి రావచ్చు’ అనే నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలకు కీలక పదం దొరకదు. దొరికినా మోసం చేస్తుంది. అటువంటి ప్యాసేజీ వస్తే ముందుగా ఏదో ఒక జవాబు గుర్తించి, ఫ్లాగ్ (మళ్లీ చూడాలన్న గుర్తు) పెట్టి దాటిపోవాలి. విభాగం సమయం ముగిసేలోగా తిరిగి వచ్చే వీలుంది. ముగిశాక ఆ విభాగంలోకి మళ్లీ అడుగుపెట్టనివ్వరు.

ఇంకొకటి, కాగితం మీద కాని, మొబైల్‌లో కాని సాధన చేయించకండి. పరీక్ష కంప్యూటరులో జరుగుతుంది. తెరకు ఒక పక్క ప్యాసేజీ, మరో పక్క ఒక్కొక్క ప్రశ్న కనిపిస్తాయి. పెన్సిలుతో గీతలు గీస్తూ చదివే అలవాటు అక్కడ పనికిరాదు. ఆల్ట్‌తో ఎన్ నొక్కితే తర్వాతి ప్రశ్న, ఆల్ట్‌తో పి నొక్కితే వెనకటి ప్రశ్న, ఆల్ట్‌తో ఎఫ్ నొక్కితే ఫ్లాగ్. మౌస్ వెతుక్కునే పని తప్పడం వల్ల ప్రతి ప్రశ్నకూ ఒకటి రెండు సెకన్లు కలిసి వస్తాయి, 44 ప్రశ్నల మీద అది తక్కువేమీ కాదు. ఇంట్లో కంప్యూటరు లేకపోతే నెట్ సెంటరులోనైనా చేయించండి. యూక్యాట్ వారి వెబ్‌సైటులోనే ఉచిత నమూనా పరీక్షలు ఉన్నాయి. కోచింగు వారి ప్రశ్నల కంటే అవే నమ్మదగినవి. పాత పుస్తకాలు ఎవరైనా ఇస్తే చూసి తీసుకోండి. 2025 నుంచి అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ విభాగాన్ని తొలగించారు, మొత్తం స్కోరు 3600కు బదులు 2700 అయింది. పాత మొత్తాలతో పోల్చుకుని కంగారు పడేవారిని చూశాను.

చీపురుపల్లి మాస్టారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉద్దానం నమూనాను మా అమ్మాయికి ఇచ్చాను. మొదటిది సరిగ్గా చెప్పింది, మిగిలిన మూడింటికీ తడుముకోకుండా తప్పు జవాబులే పెట్టింది. నాలుగో వాక్యాన్ని సమితుల బొమ్మ గీసి వివరిస్తే వెంటనే గ్రహించింది. రెండోదాని మీద మాత్రం ఇంకా నాతో వాదిస్తూనే ఉంది.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, వేగం ముందు తెచ్చుకోవాలా, కచ్చితత్వం ముందా? రెండోది, స్కోరు ఆశించినంత పెరగకపోతే ఈసారికి ఒకసారి రాసి, తర్వాత మళ్లీ రాయవచ్చా?

వంశధార:

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు. ఒక ప్రవేశ సంవత్సరానికి యూక్యాట్ ఒక్కసారే రాయనిస్తారు, ఆ స్కోరు ఆ ఏడాది దరఖాస్తుకే చెల్లుతుంది. రాసి చూసి మళ్లీ రాద్దాం అనుకోవడానికి వీల్లేదు. పరీక్షలు జులై నుంచి సెప్టెంబరు చివరి వరకు జరుగుతాయి, ఖాళీలు ఉంటే గడువులోగా తేదీని వెనక్కి జరుపుకోవచ్చు. వైద్య విద్య దరఖాస్తుకు గడువు అక్టోబరు 15 కాబట్టి, సెప్టెంబరు మొదటి భాగానికి జరుపుకున్నా నష్టం లేదు. పూర్తిగా చివరి వారానికి మాత్రం పెట్టుకోకండి, అప్పుడు జ్వరం వచ్చినా మరో తేదీ దొరకదు.

మొదటిదానికి వస్తే, తొలి పది రోజులు గడియారం లేకుండా ‘చెప్పలేం’ రకం ప్రశ్నలే చేయించండి. ప్రతి జవాబుకూ ప్యాసేజీలోని ఏ వాక్యం ఆధారమో వేలితో చూపించమనండి. చూపించలేకపోతే, జవాబు సరైనదే అయినా తప్పు కింద లెక్క వేయండి. ఆ తర్వాత ఒక్కో ప్యాసేజీకి మూడు నిమిషాలు, ఆపైన రెండున్నర, చివరకు రెండు నిమిషాలకు దించండి. తప్పులు రాసుకునే నోట్సులో ప్రశ్న మొత్తం ఎక్కించవద్దు. సొంత పరిజ్ఞానం వాడానా, ‘కొందరు’ను ‘అందరూ’ అనుకున్నానా, ఆధారం ఉన్న వాక్యం కనిపించలేదా అన్న కారణం మాత్రం రాస్తే చాలు. రెండు వారాలకు ఒకటే కారణం పదే పదే కనిపిస్తుంది, దాని మీదే పని చేయించండి.

ఇంకొక మాట, ఏటా ప్రకటించే సగటుల్లో వెర్బల్ రీజనింగ్‌దే మిగతా విభాగాల కంటే తక్కువగా ఉంటూ వస్తోంది. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవారూ అందులో ఉన్నారు. క్వాంటిటేటివ్‌లో 700 దాటుతోంది కాబట్టి, ఇక్కడ 600 దగ్గరకు వస్తే మొత్తం మీద గౌరవంగానే ఉంటుంది. కళాశాలలు ఎంచుకునేటప్పుడు ఒక్కొక్కటీ మొత్తం స్కోరును చూస్తుందా, విభాగాలవారీగా కూడా చూస్తుందా అన్నది వాటి వెబ్‌సైట్లలో చదువుకుని, మొత్తాన్నే చూసేవాటిని జాబితాలో ముందు పెట్టుకోండి.