శాస్త్రవేత్త ఎంపీ అయితే సైన్సుకు ఒరిగేదేంటి?

బయాలజీ మేడమ్:
ఇయాన్ గిబ్సన్‌ని తీసుకోండి. 1965 నుంచి నార్విచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో పనిచేసి, బయాలజీ డీన్ అయ్యాడు. 1997లో బ్రిటన్ లేబర్ పార్టీ ఎంపీగా గెలిచాడు. 2001 నుంచి 2005 దాకా అక్కడి దిగువ సభ కామన్స్‌లో సైన్స్ కమిటీకి చైర్మన్. మంత్రుల్ని నిలదీసే చోట సబ్జెక్టు తెలిసినవాడు ఉండి తీరాలంటాను.

పాతబస్తీ పాఠకుడు:
బ్రిటన్ ప్రధాని థాచర్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ చదివిందే కదా, అదీ నోబెల్ గ్రహీత డొరొతీ హాడ్జ్‌కిన్ దగ్గర! అయినా యూనివర్సిటీల నిధులకు కత్తెర వేసింది. 1985లో ఆ ఆక్స్‌ఫర్డే గౌరవ డాక్టరేట్ ఇవ్వం పొమ్మంది.

బయాలజీ మేడమ్:
డిగ్రీ, కొన్నాళ్ల కంపెనీ ల్యాబు ఉద్యోగం ఒక ఎత్తు, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పడం ఒక ఎత్తు. 2004లో యూనివర్సిటీ ఫీజులు పెంచే బిల్లు రెండో పఠనంలో అయిదే ఓట్లతో గట్టెక్కింది. సొంత పార్టీలో ఎదురు తిరిగినవాళ్లలో గిబ్సన్ ముందున్నాడు.

తెనాలి టు లీడ్స్:
ఫీజుల సంగతి సరే మేడమ్. 2005లో ఆయన కమిటీ ఇచ్చిన నివేదిక చూశారా? ఐవీఎఫ్‌లో ఆడో మగో ఎంచుకునే అవకాశం, ఇంట్లో ఆడపిల్లా మగపిల్లాడూ ఇద్దరూ ఉండాలనుకునేవాళ్లకు ఇస్తే తప్పేంటని, నిషేధించడానికి తగిన కారణం లేదని రాశారు. కమిటీ సభ్యుల్లోనే కొందరు ఒప్పుకోలేదు. కడుపులో ఉన్నది ఆడో మగో తేల్చే పరీక్షల మీద 1994లోనే మన దేశంలో చట్టం చేసుకోవాల్సి వచ్చింది ఎందుకో తెలిసినవాళ్లం, ఆ వాక్యం చదివితే ఒళ్లు మండదా? పిండం గురించి సైంటిస్టుకు తెలుస్తుంది. అత్తగారి ఒత్తిడి ఏ మైక్రోస్కోపులో కనబడుతుంది?

బయాలజీ మేడమ్:
బ్రిటన్‌లో అలాంటి ఒత్తిడి ఉందని ఆధారం చూపించమనే కదండీ వాళ్లు అడిగింది? అడగడం వాళ్ల పని. చివరికి 2008 చట్టం వైద్య కారణాలుంటే తప్ప కుదరదనేసింది. ఆయన మాట చెల్లలేదు.

పాతబస్తీ పాఠకుడు:
చెల్లకపోవడమే మంచిదైంది. 2009లో బ్రిటన్ ఎంపీల ఖర్చుల గొడవ మర్చిపోయారా? జనం డబ్బు సాయంతో కొన్న ఫ్లాటులో కూతుర్ని ఉంచి, తర్వాత ఆమెకే తక్కువ ధరకు అమ్మాడు.

బయాలజీ మేడమ్:
ఫ్లాటు విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. పార్టీ టికెట్ లేదనగానే సీటు పట్టుకుని వేలాడకుండా రాజీనామా చేశాడు, అంతవరకే.

తెనాలి టు లీడ్స్:
ఆ కమిటీకి 2005లో ఆయన తర్వాత వచ్చిన ఫిల్ విలిస్ సైంటిస్టు కాదు, స్కూలు హెడ్‌మాస్టరు. ఆయన హయాంలో ప్రశ్నలు ఎక్కడ నీరుగారాయో చూపించండి, అప్పుడు మీ వాదన ఒప్పుకుంటాను.